ఎరిట్రియా ప్రతిపక్షం ఎందుకు ఒక్కటి కాలేకపోతోంది?

మీరు అడిగింది ఇది: ఎరిట్రియాలో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి ఒకే మనిషి, ఇసయాస్ అఫ్వెర్కి, పాలిస్తున్నాడు, జాతీయ ఎన్నికలు ఒక్కసారి కూడా జరగలేదు, లక్షల మంది పారిపోయారు. బయట స్వేచ్ఛగా బతుకుతున్న అంతమంది కలిసి ఒక ప్రత్యామ్నాయాన్ని ఎందుకు నిలబెట్టలేకపోతున్నారు? యూరప్ వీధుల్లో వాళ్లలో వాళ్లే ఎందుకు తలలు పగలగొట్టుకుంటున్నారు?

"నాయకుల ఈగోలు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఈగోలు ఉన్నాయి, కాదనను. ఈగోలు లేని ప్రతిపక్షం ఏ దేశంలో ఉంది? నా లెక్కలో అసలు చిక్కు ఇథియోపియా. రాజధాని అస్మరాలోని ప్రభుత్వం బతుకుతున్నదే ఇథియోపియా భయం మీద. ప్రతిపక్షానికి తలదాచుకునే చోటు, డబ్బు, రేడియో చాలాకాలం ఇథియోపియా నుంచే దొరికాయి. ఆ చెయ్యి పట్టుకున్నవాడు సొంత జనం కళ్లలో ద్రోహి అవుతాడు. పట్టుకోనివాడు యూరప్‌లో హాళ్లు అద్దెకు తీసుకుని మీటింగులు పెట్టుకుంటూ ఉండిపోతాడు. మతం, భాష, తెగ, జెండా గొడవలన్నీ నిజమైనవే. కానీ ఆ చీలికలు మానకుండా చేస్తున్నది మాత్రం ఇదే.

నేను మాట్లాడటానికి కారణం, మై నెఫ్హి ఇంజినీరింగ్ కాలేజీలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. 2000 తర్వాత ఆ దేశం మన దేశం నుంచి లెక్చరర్లను పెద్ద సంఖ్యలో తీసుకుంది, మన తెలుగువాళ్లూ బాగానే వెళ్లారు. నా పాత విద్యార్థులు ఇప్పుడు జర్మనీ, స్వీడన్, ఇజ్రాయెల్, కెనడాల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. ప్రభుత్వాన్ని తిట్టేవాళ్లూ వాళ్లలో ఉన్నారు, సమర్థించేవాళ్లూ ఉన్నారు. నన్ను మాత్రం రెండు వైపుల వాళ్లూ ఫోన్‌లో "టీచర్" అనే పిలుస్తారు.

అసలు అస్మరాలో మంచి విశ్వవిద్యాలయం ఉండగా ఊరి బయట మై నెఫ్హిలో కాలేజీ ఎందుకు పెట్టారు? ప్రభుత్వం ఎలా ఆలోచిస్తుందో అక్కడే తెలుస్తుంది. 2001 వేసవిలో అస్మరా విశ్వవిద్యాలయం విద్యార్థులు సెలవుల్లో తప్పనిసరిగా చెయ్యాల్సిన పని మీద గొడవకు దిగారు. విద్యార్థి సంఘం అధ్యక్షుడు సెమెరె కెసెటెను అరెస్టు చేశారు. దాదాపు 2000 మంది విద్యార్థుల్ని ఎర్రసముద్రం పక్కన ఎండకు పేరుపడ్డ వియా శిబిరానికి తోలారు. ఇద్దరు వడదెబ్బకు చనిపోయారు. ఆ తర్వాత విశ్వవిద్యాలయంలో కొత్త అడ్మిషన్లు ఆపేశారు. చదువును ముక్కలు చేసి ఇంజినీరింగ్ మై నెఫ్హికి, వ్యవసాయం హమెల్‌మాలోకి, వాణిజ్యం హల్‌హలెకి పంచారు. విద్యార్థులు రాజధానిలో ఒకచోట గుమిగూడే అవకాశమే లేకుండా పోయింది. దేశం లోపల ప్రతిపక్షం ఎందుకు లేదని ఎవరైనా అడిగితే నేను ముందు ఇదే చెబుతాను. అక్కడ జనం అణిగిమణిగి ఉండే రకమేమీ కాదు. నలుగురు కలిసే చోటల్లా ముందే ఖాళీ చేయించారు, అంతే.

చీలికల కథకు వస్తే అది 1993లో స్వాతంత్ర్యంతో మొదలైంది కాదు. ఇటలీ వలసగా ఉన్న ఎరిట్రియాను 1941లో బ్రిటిష్ వాళ్లు పట్టుకున్నారు. ఐక్యరాజ్యసమితి తీర్మానంతో 1952లో అది ఇథియోపియాతో ఫెడరేషన్‌గా కలిసింది. పదేళ్లు తిరిగేసరికి చక్రవర్తి హైలే సెలాసీ ఆ ఫెడరేషన్‌ను రద్దు చేసి ఎరిట్రియాను పూర్తిగా కలిపేసుకున్నాడు. ఆ ఫెడరేషన్ రోజుల్లో ఎరిట్రియాకు నీలం రంగు మీద ఆలివ్ కొమ్మల జెండా ఉండేది. అది గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

సాయుధ పోరాటం 1961 సెప్టెంబరు 1న హమీద్ ఇద్రిస్ అవాటేతో మొదలైంది. మొదటి సంస్థ ఈఎల్ఎఫ్ (ఎరిట్రియా విమోచన ఫ్రంట్), జనం నోట్లో "జెబ్హా". మొదట్లో అందులో పల్లపు ప్రాంతాల ముస్లింలే ఎక్కువ. కొండ ప్రాంతాల్లో టిగ్రిన్యా భాష మాట్లాడే క్రైస్తవ యువకులు తర్వాత చేరారు. 1966లో చేరిన ఇసయాస్ అఫ్వెర్కి వాళ్లలో ఒకడు, ఆ మరుసటి ఏడాది సైనిక శిక్షణకు చైనా వెళ్లి వచ్చాడు. జెబ్హాలో మతం పేరుతో వివక్ష ఉందంటూ విడిపోయిన గుంపుల్లోంచి ఈపీఎల్ఎఫ్ (ఎరిట్రియా ప్రజా విమోచన ఫ్రంట్), అంటే "షాబియా" పుట్టింది. ఇథియోపియాతో యుద్ధం నడుస్తుండగానే ఈ రెండూ 1972 నుంచి 1974 దాకా ఒకసారి, 1980–81లో మరోసారి ఒకదాన్నొకటి చంపుకున్నాయి. రెండోసారి షాబియా ఇథియోపియాలోని టిగ్రాయ్ గెరిల్లాల సాయంతో జెబ్హాను సూడాన్‌లోకి తరిమేసింది.

ఈనాటి ప్రతిపక్షంలో ఒక పెద్ద పాయ ఆ ఓడిపోయిన జెబ్హా వారసులది. 1991 మే 24న షాబియా అస్మరాలో అడుగుపెట్టినప్పుడు దేశమంతా ఊరేగింది, వీళ్లకు మాత్రం సంస్థలుగా తిరిగి రావడానికి తలుపులు తెరవలేదు. రావాలనుకుంటే వ్యక్తులుగా రండి అన్నారు. సూడాన్ శిబిరాల్లోని శరణార్థులు, ఎక్కువగా పల్లపు ముస్లింలు, చాలామంది అక్కడే ఉండిపోయారు. వాళ్ల భూములు ఎవరి చేతుల్లోకి వెళ్లాయన్న ప్రశ్న ఈ రోజుకీ ప్రతి ఐక్యతా సభలో లేస్తుంది, ప్రతిసారీ గొడవతోనే ముగుస్తుంది.

షాబియా లోపలి తీరు కూడా కొంచెం తెలియాలి. 1973లో నాయకత్వాన్ని ప్రశ్నించిన "మెన్కా" అనే గుంపును అణచివేసి, అందులో ముఖ్యుల్ని తర్వాత చంపేశారు. సంస్థ లోపల ఇంకో రహస్య పార్టీ ఉండేది. మామూలు యోధులకు అది ఉందనే తెలీదు. దాని సంగతి బహిరంగంగా ఒప్పుకున్నది స్వాతంత్ర్యం వచ్చాక, 1994 మహాసభలో. అదే సభలో ఈపీఎల్ఎఫ్ పేరు పీఎఫ్‌డీజే (ప్రజాస్వామ్యం, న్యాయం కోసం ప్రజా ఫ్రంట్)గా మారింది. దేశంలో చట్టబద్ధమైన పార్టీ ఇప్పటికీ అదొక్కటే. గుట్టుగా నిర్ణయాలు తీసుకోవడం, ప్రశ్నించినవాణ్ణి మాయం చెయ్యడం అధికారంలోకి వచ్చాక పట్టిన జబ్బు కాదు. కొండల్లో గెలిపించిన అలవాటే రాజధానికి వచ్చింది.

1993 ఏప్రిల్ రెఫరెండంలో 99.8 శాతం మంది స్వాతంత్ర్యానికి ఓటేశారు. 1997 మేలో రాజ్యాంగం ఆమోదం పొందింది. మరుసటి ఏడాది మేలో బద్మే అనే చిన్న ఊరి దగ్గర ఇథియోపియాతో సరిహద్దు తగాదా పూర్తి యుద్ధమైంది. రెండేళ్లలో రెండు వైపులా కలిపి 70 వేల నుంచి లక్ష మంది చనిపోయారని అంచనా. 2000 డిసెంబరులో అల్జీర్స్ ఒప్పందం కుదిరింది, 2002 ఏప్రిల్లో సరిహద్దు కమిషన్ బద్మేను ఎరిట్రియాకు ఇచ్చింది. ఇథియోపియా ఆ తీర్పును ఏళ్లతరబడి అమలు చెయ్యలేదు. ప్రపంచం ఇథియోపియాను గట్టిగా అడగనూ లేదు. ఇసయాస్‌కు ఇంతకంటే మంచి సాకు ఎవరిచ్చినా దొరికేది కాదు: శత్రువు గుమ్మంలో ఉన్నాడు, రాజ్యాంగం తర్వాత, ఎన్నికలు తర్వాత. ఈ మాటలో సగం నిజం ఉండటమే ప్రతిపక్షానికి వచ్చిన కష్టం. పూర్తి అబద్ధమైతే కొట్టిపారెయ్యడం సులువు.

యుద్ధాన్ని నడిపిన తీరును పార్టీలోనే 15 మంది పెద్దలు ప్రశ్నించారు. వీళ్లనే జీ-15 అంటారు. 2001 మేలో బహిరంగ లేఖ రాసి, పార్టీ సమావేశాలు పెట్టాలని, రాజ్యాంగాన్ని అమలు చెయ్యాలని అడిగారు. వీళ్లు అల్లాటప్పా మనుషులు కారు. పెట్రోస్ సొలొమోన్, మహమూద్ అహ్మద్ షెరిఫో, హైలే వోల్దెతెన్సే లాంటి మాజీ మంత్రులు, స్వాతంత్ర్య యుద్ధాన్ని నడిపినవాళ్లు. సెప్టెంబరు 18, 19 తేదీల్లో, అంటే ప్రపంచమంతా న్యూయార్క్ వైపు చూస్తున్న వారంలో, 11 మందిని పట్టుకెళ్లారు. ప్రైవేటు పత్రికలన్నీ మూసేశారు, విలేకరుల్ని లోపలేశారు. స్వీడన్ పౌరసత్వం కూడా ఉన్న దావిత్ ఇసాక్ వాళ్లలో ఒకడు. ఆ 11 మంది మీద ఇంతవరకు విచారణ లేదు, కుటుంబాలకు కబురు లేదు. 2002 తర్వాత జాతీయ అసెంబ్లీ సమావేశం కాలేదు.

దాంతో ప్రతిపక్షంలోకి రెండో పాయ వచ్చింది. అప్పటికి విదేశాల్లో ఉండి అరెస్టు తప్పించుకున్న మెస్ఫిన్ హగోస్ లాంటి షాబియా పెద్దలు బయట పార్టీలు పెట్టారు. ఇప్పుడు ఊహించండి: 1981లో తమను సూడాన్‌లోకి తరిమిన సైన్యాన్ని నడిపిన మనుషులతో జెబ్హా వారసులు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. కూర్చున్నారు కూడా, చాలాసార్లు. ప్రతిసారీ ఒకే దగ్గర తెగింది. షాబియా పాయ వాళ్లు "1997 రాజ్యాంగాన్ని అమలు చేస్తే చాలు" అంటారు. జెబ్హా పాయ, పల్లపు ముస్లిం సంస్థలు "ఆ రాజ్యాంగం రాసేటప్పుడు మమ్మల్ని బయట ఉంచారు, అరబ్బీకి అందులో చోటు లేదు" అంటారు. ఆ రాజ్యాంగం అన్ని భాషలూ సమానమంటుంది, అధికార భాష ఏదో చెప్పదు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆఫీసుల్లో నడిచేది టిగ్రిన్యా అయినప్పుడు, ఏమీ చెప్పకపోవడం ఎవరికి లాభమో మన రాష్ట్రాల భాషా రాజకీయాలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వీటి పక్కన కునామా, అఫార్ తెగల పేరు మీద ఏర్పడ్డ సాయుధ సంస్థలు ఉన్నాయి. వాళ్లకు కావలసింది తమ ప్రాంతాల్లో స్వయంపాలన, అవసరమైతే విడిపోయే హక్కు. టిగ్రిన్యా క్రైస్తవుల్లో మరో మూలన, టిగ్రాయ్‌తో కలిసి ఒక దేశం కావాలనే చిన్న గుంపు "అగాజియన్" పేరుతో ఆన్‌లైన్‌లో గట్టిగా అరుస్తుంది. తొమ్మిది తెగల, సుమారు చెరిసగం క్రైస్తవులు, ముస్లింలు ఉన్న దేశంలో ఇలాంటి అరుపు ఒక్కటి చాలు, అవతలివాళ్లు "చూశారా, వీళ్ల అసలు ఉద్దేశం ఇదీ" అనడానికి. వీళ్ల చీలికల్ని అమెరికాలోని మన తెలుగు సంఘాల చీలికలతో పోల్చి నవ్వుకునేవాళ్లను చూశాను. అక్కడ తేలాల్సింది దేశం ఎవరిది, భూమి ఎవరిది అన్న సంగతి. వేదిక మీద కుర్చీల తగువు కాదు.

2011 నవంబరులో ఇథియోపియాలోని అవాసాలో పెద్ద సభ జరిగి, ప్రజాస్వామ్య మార్పు కోసం ఎరిట్రియా జాతీయ మండలి ఏర్పడింది. చాలా సంస్థలు ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఖర్చు, ఆతిథ్యం, భద్రత అన్నీ ఇథియోపియా చూసుకుంది. ఆ ఒక్క కారణంతోనే కొన్ని ముఖ్యమైన పార్టీలు దూరంగా ఉండిపోయాయి. బద్మే మీద కూర్చున్న ప్రభుత్వం డబ్బుతో ఎరిట్రియా భవిష్యత్తు రాసుకుంటారా అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర సమాధానం లేకపోయింది. కొన్నేళ్లకే ఆ మండలి కాగితం మీద మిగిలింది.

ఇక జనం ఎందుకు పారిపోతున్నారన్నది. 1995 చట్టం ప్రకారం అందరూ చెయ్యాల్సిన జాతీయ సేవ 18 నెలలు: ఆరు నెలలు శిక్షణ, పన్నెండు నెలలు పని. 2002లో "వర్సాయ్–యికెఆలో" అనే అభివృద్ధి కార్యక్రమంతో దానికి హద్దు పోయింది. 2003 నుంచి పన్నెండో తరగతి సావా సైనిక శిబిరంలోనే చదవాలి. అక్కణ్ణుంచి మార్కుల్ని బట్టి కొందరు కాలేజీకి, మిగతావాళ్లు సైన్యానికి, పొలాలకి, నిర్మాణ పనులకి. కాలేజీకి వచ్చినవాడూ డిగ్రీ అయ్యాక సేవలోనే చేరాలి. నా క్లాసులో కూర్చున్న మంచి బుర్రలకు కనిపించే భవిష్యత్తు, ప్రభుత్వం చెప్పిన చోట నెలకు దాదాపు 500 నాక్ఫాలకు ఎప్పటిదాకానో తెలీని ఉద్యోగం. అప్పట్లో అస్మరా బజారు ధరలకు అది ఒక మనిషి తిండికే చాలదు. సెలవుల తర్వాత క్లాసులో కొన్ని బెంచీలు ఖాళీగా ఉండేవి. ఎందుకని ఎవరూ అడగరు. సూడాన్ వైపో ఇథియోపియా వైపో నడిచి వెళ్లారని అందరికీ అర్థమయ్యేది.

ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2016లో దీన్ని బానిసత్వమనీ, మానవత్వంపై నేరమనీ తేల్చింది. 2013 అక్టోబరు 3న లాంపెడూసా దగ్గర మునిగిన పడవలో చనిపోయిన 360 మందికి పైగా మనుషుల్లో ఎక్కువ మంది ఎరిట్రియన్లే. అదే ఏడాది జనవరి 21న కొందరు సైనికులు అస్మరాలోని ఫోర్టోలో సమాచార శాఖ కార్యాలయాన్ని ఆక్రమించి, ప్రభుత్వ టీవీలో తమ ప్రకటన చదివించారు: రాజ్యాంగాన్ని అమలు చెయ్యండి, ఖైదీల్ని వదలండి. ప్రసారం మధ్యలోనే ఆగింది, సాయంత్రానికి తిరుగుబాటు సర్దుకుంది. నగరం కదల్లేదు. కదలాల్సిన వయసువాళ్లు సావాలోనో, సూడాన్ దారిలోనో ఉన్నారు. పారిపోయే దారి ప్రభుత్వానికి నష్టం కాదు, లాభమని నేననేది ఇందుకే. కోపం ఉన్నవాడు వెళ్లిపోతాడు, వెళ్లినవాడు ఇంటికి డబ్బు పంపుతాడు.

ఆ డబ్బు కథ వేరే చెప్పాలి, ఎందుకంటే వీధి గొడవల మూలం అక్కడుంది. 1970, 80ల్లో బయటికి వెళ్లిన తరం షాబియాకు చందాలిచ్చి యుద్ధం నడిపించింది. ఇటలీలోని బొలోన్యాలో 1974 నుంచి ఏటా పండగ పెట్టుకుని, పాటలతో, నాటకాలతో చందాలు పోగుచేసేవాళ్లు. వాళ్లకు షాబియా అంటే ఒట్టి రాజకీయ పార్టీ కాదు, జీవితంలో చేసిన గొప్ప పని. స్వాతంత్ర్యం తర్వాత విదేశాల్లోని ఎరిట్రియన్లందరి మీద ఆదాయంలో 2 శాతం పన్ను వేశారు. కట్టకపోతే కాన్సులేట్‌లో పాస్‌పోర్టు పని జరగదు, ఊళ్లో ఇల్లు కొనలేరు, వారసత్వ కాగితాలు కదలవు. సేవ నుంచి పారిపోయినవాడైతే ఇంకో ఫారం మీద కూడా సంతకం పెట్టాలి: జాతీయ సేవ పూర్తి చెయ్యకుండా తప్పు చేశాను, విచారిస్తున్నాను, శిక్షకు సిద్ధం అని. ఎడారి దాటి, సముద్రం దాటి వచ్చినవాడు తల్లిని చూడటానికి ఆ కాగితం మీద సంతకం పెడతాడు. కెనడా 2013లో ఎరిట్రియా కాన్సుల్‌ను, నెదర్లాండ్స్ 2018లో దౌత్యాధికారిని పంపించేసింది ఈ పన్ను వసూళ్ల గొడవలోనే. అయినా వసూళ్లు ఆగలేదు.

ఇప్పుడు యూరప్‌లోని ఒక ఊళ్లో ప్రభుత్వం తరఫువాళ్లు సాంస్కృతిక పండగ పెట్టారనుకోండి. లోపల పాత తరం, వాళ్లకు అక్కడే పుట్టిన పిల్లలు. ఆ పిల్లలు సావాను చూడలేదు, వేసవిలో అస్మరా వెళ్లి ఐస్‌క్రీం తిని వచ్చారు. బయట 2000 తర్వాత పారిపోయి వచ్చిన కుర్రాళ్లు. వాళ్లకు ఆ వేదిక మీది సైనిక దుస్తుల పాటలు వింటే ఒళ్లు మండుతుంది. 2023 జూలైలో జర్మనీలోని గీసెన్‌లో 26 మంది పోలీసులు గాయపడ్డారు. ఆగస్టులో స్టాక్‌హోమ్‌లో టెంట్లు తగలబడ్డాయి. సెప్టెంబరు 2న టెల్ అవీవ్‌లో వందమందికి పైగా గాయపడ్డారు, పోలీసులు తూటాలు పేల్చారు. 2024 ఫిబ్రవరిలో ద హేగ్‌లో పోలీసు కార్లు తగలబెట్టారు. ఈ కుర్రాళ్ల చేతుల్లో ఉన్నది ఆ పాత నీలం జెండా. వీళ్ల ఉద్యమానికి "బ్రిగేడ్ న్హమెదు" అనే పేరు అప్పుడే బయటికొచ్చింది.

ఆ హింసను నేను సమర్థించను. నా విద్యార్థుల్లో ఒకడితో దీని మీద గట్టిగానే వాదన పడ్డాను. అతని వాదన: "మీరు రాసే వ్యాసాలు ఇరవై ఏళ్లు ఎవరూ చదవలేదు టీచర్, ఈ ఒక్క వేసవిలో పండగలు రద్దయ్యాయి." అది నిజమే, కొన్ని నగరాలు అనుమతులు ఆపేశాయి. కానీ వాటితో పాటు వచ్చినదాన్నీ చూడాలి. శరణార్థుల్ని వెనక్కి పంపాలనే పార్టీలకు ఆ వీడియోలు పండగయ్యాయి. ఇజ్రాయెల్ ప్రధాని అల్లర్లు చేసినవాళ్లను వెంటనే పంపించెయ్యాలన్నాడు. 2025లో జర్మనీ బ్రిగేడ్ మద్దతుదార్ల ఇళ్లలో ఉగ్రవాద సంస్థ అనుమానంతో సోదాలు చేసింది. అస్మరా ఎంత ఖర్చు పెట్టినా కొనలేని చెడ్డపేరు వాళ్లే తెచ్చిచ్చారు.

ఇథియోపియా దగ్గరికి మళ్లీ వద్దాం. 2018 జూలైలో ఇథియోపియా ప్రధాని అబియ్ అహ్మద్ అస్మరా వెళ్లి ఇసయాస్‌ను కౌగిలించుకున్నప్పుడు ఎరిట్రియా ప్రతిపక్షానికీ, ప్రభుత్వానికీ దెబ్బ తగిలింది. ఇథియోపియా గడ్డ మీద ఉన్న ప్రతిపక్షానికి రాత్రికి రాత్రి అడ్రసు పోయింది. ప్రభుత్వానికి ఇరవై ఏళ్ల సాకు పోయింది. సెప్టెంబరులో సరిహద్దు తెరిస్తే జనం వేలల్లో అవతలికి నడిచారు. కొన్ని నెలల్లోనే దారులన్నీ మళ్లీ మూసేశారు. శాంతి వచ్చింది కదా, సేవకు కాలపరిమితి పెట్టండి అని అందరూ అడిగారు, పెట్టలేదు. అధ్యక్షుడు దిగిపోవాలని పుస్తకం రాసిన మాజీ ఆర్థిక మంత్రి బెర్హానె అబ్రెహెను ఆ సెప్టెంబరులోనే అరెస్టు చేశారు, 2024లో నిర్బంధంలోనే చనిపోయాడు. 2019లో "యియాకిల్", అంటే "ఇక చాలు" అంటూ విదేశాల్లో సామాన్యులు వీడియోలు పెట్టడం మొదలెట్టారు. పార్టీ పేరు లేదు, తెగ పేరు లేదు, ఇథియోపియా డబ్బు లేదు. ఇన్నేళ్లలో నాకు నిజంగా ఆశ కలిగింది ఆ ఏడాదే. ప్రతి నగరంలో కమిటీలు వేసుకున్నారు.

2020 నవంబరులో అబియ్ ప్రభుత్వానికీ, ఇథియోపియా ఉత్తరాన ఉన్న టిగ్రాయ్‌ను ఏలుతున్న పార్టీకీ మధ్య మొదలైన యుద్ధం ఆ కమిటీల్ని నిలువునా చీల్చింది. ఎరిట్రియా సైన్యం అబియ్ పక్షాన టిగ్రాయ్‌లోకి వెళ్లింది. అక్సుమ్‌లో జనాన్ని చంపింది. సేవలో ఉన్న తమ తమ్ముళ్లే ఆ సైన్యమని బయట ఉన్నవాళ్లకు తెలుసు. కొందరు "ఇది మన పేరు మీద జరుగుతున్న ఘోరం" అన్నారు. మరికొందరికి అప్పట్లో ఇథియోపియాను నడిపిన టిగ్రాయ్ పార్టీ అంటే 1998 యుద్ధం, బద్మే, తమ ఇంట్లో చనిపోయిన అన్న. ఇసయాస్‌ను అసహ్యించుకుంటూనే ఈ యుద్ధంలో మౌనంగా ఉండిపోయారు. టిగ్రాయ్‌లోని హిట్సాట్స్, షిమెల్బా శిబిరాల్లోని ఎరిట్రియా శరణార్థులు రెండు పక్షాల చేతుల్లోనూ దెబ్బతిన్నారు. ఎవరి గురించి ముందు ఏడవాలన్నదాని మీద కూడా ప్రతిపక్షం విడిపోయింది. 2022 నవంబరులో ప్రిటోరియాలో శాంతి ఒప్పందం కుదిరినప్పుడు ఎరిట్రియా బల్ల దగ్గరే లేదు.

అక్కణ్ణుంచి చదరంగం తిరగబడింది. 2023 అక్టోబరులో అబియ్ తమకు ఎర్రసముద్రం దారి కావాలని బహిరంగంగా అన్నాడు. ఎరిట్రియాలోని అస్సబ్ రేవు మాట ఇథియోపియాలో రోజూ వినిపిస్తోంది. ఇసయాస్ 2024 అక్టోబరులో ఈజిప్టు, సోమాలియా అధ్యక్షుల్ని అస్మరాకు పిలిచి కూర్చోబెట్టాడు. నిన్నటిదాకా బద్ధశత్రువైన టిగ్రాయ్ పార్టీలో ఒక వర్గం ఇప్పుడు అస్మరాతో చేతులు కలిపింది. బ్రిగేడ్ నాయకులు ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో కూర్చుని మాట్లాడుతున్నారు. అంటే 2011లో అవాసాలో చేసిన పనే మళ్లీ, ఈసారి రేవు అడిగే మనిషి పక్కన నిలబడి. నన్నడిగితే ఈ పదేళ్లలో ప్రతిపక్షం వేసిన అన్నిటికంటే చెడ్డ అడుగు ఇది. ప్రభుత్వం ఒక్క పైసా ఖర్చు లేకుండా "వీళ్లొస్తే అస్సబ్ పోతుంది" అని చెప్పుకోగలుగుతోంది.

మరి ప్రభుత్వం బలంగా ఉందా? లేదు. ఇసయాస్ 1946 ఫిబ్రవరిలో పుట్టాడు, 2026 ఫిబ్రవరికి 80. ఉపాధ్యక్షుడు లేడు, వారసత్వానికి పద్ధతి లేదు, అసెంబ్లీ లేదు. సైన్యాధిపతి ఫిలిపోస్ లాంటి జనరళ్ల చేతుల్లోనే బలగం, వనరులు ఉన్నాయి. వాళ్లలో ఎవరూ మరీ ఎదగకుండా ఒకరి మీద ఒకరిని ఉంచడమే ఆయన పాలన. బిషా గనిలో బంగారం, రాగి వస్తున్నాయి గాని, జనం తమ సొంత బ్యాంకు ఖాతాలోంచి డబ్బు తియ్యడానికి కూడా 2015 నోట్ల మార్పిడి తర్వాత నెలకు 5000 నాక్ఫాల హద్దు పెట్టారు. యుద్ధం వస్తే పోరాడాల్సిన వయసువాళ్లు దేశంలో తగ్గిపోయారు. అందుకే టిగ్రాయ్ యుద్ధం చివరి నెలల్లో పిల్లలు దొరకని ఇళ్లకు తాళాలు వేసి, తల్లిదండ్రుల్ని వీధిలో నిలబెట్టారు.

ఇసయాస్ పోయిన రోజు నిర్ణయం స్టాక్‌హోమ్‌లో జరగదు, ఆ జనరళ్ల మధ్య, వాళ్ల కింది కల్నళ్ల మధ్య జరుగుతుంది. ఆ కల్నల్‌కు ప్రతిపక్షం ఇప్పటిదాకా ఏం చెప్పింది? "నిన్ను విచారిస్తాం" అని కొందరు, "నీ భాష మాకొద్దు" అని కొందరు, "ఇథియోపియా మా వెనకుంది" అని కొందరు. ఆ మూడు మాటల్లో ఏది విన్నా అతను తన తుపాకీని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటాడు. ప్రతిపక్షాలన్నీ ఒకే పార్టీ కావాలని నేను అనుకోను, అవసరమూ లేదు. అల్జీర్స్ సరిహద్దు మారదు, అస్సబ్ బేరానికి లేదు, సేవ మళ్లీ 18 నెలలే, కింది స్థాయి అధికారుల మీద ప్రతీకారం ఉండదు. ఈ నాలుగు ముక్కల మీద జెబ్హా వారసులూ, జీ-15 వారసులూ, నీలం జెండా కుర్రాళ్లూ విడివిడిగా అయినా ఒకే మాట చెబితే చాలు. భాష, భూమి, రాజ్యాంగం గొడవలు ఎన్నికైన అసెంబ్లీలో పడవచ్చు.

అది జరిగే సూచన నాకు ఇప్పుడు కనిపించడం లేదు. అస్సబ్ కోసం యుద్ధమే వస్తే, నాకు తెలిసిన బ్రిగేడ్ కుర్రాళ్లలో చాలామంది ఇథియోపియా పక్షాన నిలబడరు. కొందరు అదే ప్రభుత్వానికి చందా కూడా ఇస్తారు. 1998లో సరిగ్గా ఇలాగే జరిగింది.